యాదగిరి గారి అంబాసిడర్, నాన్న పద్మిని

కిందటి నెలలో మణికొండలోని మా అపార్టుమెంటు సెల్లారుకి రెండు పాత కార్లు వచ్చాయి. మూడో అంతస్తులో ఉండే ఇంజనీరు ఒకాయన ఎక్కడెక్కడో వెతికి, కొని, బాగుచేయించి తెచ్చుకున్నాడు. ఒకటి అంబాసిడర్, ఇంకొకటి పద్మిని. పండక్కి తోమిపెట్టిన ఇత్తడి బిందెల్లా పక్కపక్కన మెరుస్తున్నాయి. కూరల సంచీతో లిఫ్టు దగ్గర నిలబడ్డ నన్ను చూసి, ఇవి రోడ్ల మీద తిరిగిన రోజులు మీకు తెలుసు కదా, రెండిట్లో ఏది మంచి బండి మేడమ్ అని అడిగాడు. జవాబు చెప్పడానికి నాకు అర్హత ఉంది, రెండూ నడిపినదాన్నే. కానీ అతను పద్మిని తలుపు తీయగానే ఎండకు కాగిన రెక్సిను, పెట్రోలు, పాత ఇనుము కలిసిన వాసన ఒకటి గుప్పున వచ్చి నన్ను మాట్లాడనివ్వలేదు. తర్వాత చెప్తాను లెమ్మని పైకి వచ్చేశాను. చెప్పడం మొదలుపెడితే లిఫ్టు వచ్చేలోగా అయ్యే కథ కాదు అది.

అప్పట్లో మేము నల్లగండ్లలో ఉండేవాళ్ళం. ఇప్పుడా పేరు చెబితే అందరికీ అపార్టుమెంట్లు గుర్తొస్తాయి గాని, ఆ రోజుల్లో అది జొన్న చేలూ, గొర్రెల మందలూ, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టుండే బండరాళ్ళూ ఉన్న పల్లె. మాది తెనాలి. నాన్న సుబ్బారావు గారు ప్రభుత్వాఫీసులో సూపరింటెండెంటు. ఆయనకు హైదరాబాదు బదిలీ అయింది, అదే సమయంలో నాకు మాదాపూర్‌లో ఉద్యోగం దొరికింది. సిటీలోని ఇరుకు గదుల కన్నా నల్లగండ్ల గాలి నయమని అమ్మ పట్టుబట్టడంతో యాదగిరి గారింట్లో సగభాగం కిరాయికి తీసుకున్నాం. యాదగిరి గారు చాలా ఏళ్ళు లారీ నడిపి, ఒళ్ళు సహకరించక మానేసి, పాత డీజిల్ అంబాసిడర్ ఒకటి కొనుక్కుని కిరాయికి తిప్పేవారు. కొత్త ఆఫీసులు చూడటానికి వచ్చేవాళ్ళు, స్థలాలు చూడటానికి వచ్చేవాళ్ళు, పెళ్ళిళ్ళ వాళ్ళు, ఆయన బండికి తీరిక ఉండేది కాదు. మా నాన్నకు మీగడ రంగు పద్మిని ఉండేది. రిటైరై వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు దగ్గర కొన్నది. దాన్ని ఆయన బండి అనేవారు కాదు, 'మన పద్మిని' అనేవారు, ఇంట్లో ఇంకో ఆడపిల్ల ఉన్నట్టు.

తెల్లవారగానే మా వాకిలికి రెండు వాసనలు వచ్చేవి. మా వంటింట్లోంచి డికాషను, వాళ్ళ వంటింట్లోంచి కాలుతున్న జొన్నరొట్టె. వాటి మీదికి అంబాసిడర్ పొగ వచ్చేది. ఆ డీజిలింజనుకు చలిలో ముందు హీటరు వేసి, కాసేపు ఆగి, అప్పుడు తాళం తిప్పాలి. తిప్పగానే ఇల్లంతా వణికేది, అల్మారాలో గ్లాసులు గలగలమనేవి. నాన్న అప్పటికే పాత పంచె ముక్కతో పద్మినిని తుడుస్తూ ఉండేవారు. గచ్చిబౌలి వైపు రోజూ మధ్యాహ్నం బండలు పేల్చేవారు. ఆ తెల్లటి దుమ్ము రాత్రికి రాత్రి బానెట్ల మీద పిండి జల్లించినట్టు పరుచుకునేది. బోరింగు దగ్గర ఇద్దరూ బకెట్లు నింపుకుంటూ మొదలుపెట్టేవారు. ఎవరి బండి గొప్పది అన్నదే ఆ వాదన, మేమున్నన్నాళ్ళూ తెగలేదు.

నాన్న వాదన పద్మిని చురుకుతనం గురించి. గేరు మార్చగానే అందుకుంటుంది, ఇంత సందులో తిరుగుతుంది, పెట్రోలు పొదుపుగా తాగుతుంది, ఇంజను నడుస్తోందో లేదో చెవి పెట్టి వినాలి అనేవారు. అంబాసిడర్‌ని ఆయన లారీకి టోపీ పెట్టినట్టుందనేవారు. యాదగిరి గారు నవ్వి ఊరుకునే మనిషి కాదు. మీ బండి ఉరుకుతది, కాదంటలేను సార్, గని మా ఇంటిల్లిపాది కొమురెల్లి జాతరకు పోవాలంటె గా డబ్బల ఎట్ల కూసుంటం అనేవారు. నిజమే, ఆ అంబాసిడర్‌లో ముందు నలుగురు, వెనక ఐదుగురు, డిక్కీలో బియ్యం బస్తా, పైన మంచం కట్టుకుని వెళ్ళడం నేను చూశాను. గుంతలో పడితే లేచి వచ్చేది గాని అడుగు తగిలేది కాదు. వేసవిలో మా పద్మిని పెట్రోలు పంపు వేడెక్కి నడిరోడ్డు మీద ఆగిపోయేది. నాన్న బానెట్ ఎత్తి పంపు చుట్టూ తడిగుడ్డ చుట్టి, జ్వరం వచ్చిన పిల్లకు చేసినట్టు చేసి బయల్దేరదీసేవారు. ఆ తడిగుడ్డ సంగతి తెలిసిన రోజు నుంచి యాదగిరి గారు వాదనలో ఓడిపోతున్నప్పుడల్లా సార్‌కు ఓ గుడ్డ తెమ్మని వాళ్ళావిడ లక్ష్మమ్మ గారిని కేకేసేవారు.

మాదాపూర్‌లో కంప్యూటరు కంపెనీల కోసం కొత్తగా కట్టిన గుండ్రటి భవనానికి దగ్గర్లో నా ఉద్యోగం. అమెరికాలో డాక్టర్లు రోగుల గురించి చెప్పి రికార్డు చేసిన మాటలు చెవుల్లో పెట్టుకుని వినడం, కాలితో పెడలు తొక్కుతూ ముందుకీ వెనక్కీ జరుపుకోవడం, విన్నది టైపు చేయడం. పొద్దున నాన్న తన ఆఫీసుకు వెళుతూ నన్ను దింపేవారు. దారిలో ఆయనకొక అలవాటుండేది. ఆ వచ్చేది ఏం నంబరు బస్సమ్మా అనేవారు. ఆ బోర్డు మీద ఏం రాశారో చదువు అనేవారు. ముందు పోతున్నది ట్రాక్టరా, ఎడ్లబండా అనేవారు. ఊరు కొత్త కదా, ఊసుపోక అడుగుతున్నారనుకుని నేను ఉత్సాహంగా చెప్పేదాన్ని. అంబాసిడర్ మాట వస్తే ఆ గోధుమరంగు బండి అనేవారు. అది తెల్ల బండి. యాదగిరి గారిని ఉడికించడానికి అలా అంటున్నారని అందరం నవ్వేవాళ్ళం.

ఆ చలికాలంలో నా చేతికి కంటి డాక్టర్ల రికార్డులు రావడం మొదలయ్యాయి. రోజుకు ఇరవై ముప్పై మంది రోగుల కళ్ళ గురించి వినేదాన్ని. దీపాల చుట్టూ వలయాలు కనపడుతున్నాయంటున్నాడు, ఎదుటి వెలుగు భరించలేకపోతున్నాడు, మెట్లు తడబడుతున్నాడు, రంగులు మాసినట్టున్నాయంటున్నాడు. ఒక మధ్యాహ్నం టైపు చేస్తూ చేస్తూ ఆగిపోయాను. ఆ వాక్యాలన్నీ నాన్నవి. మా తాతయ్య, అంటే నాన్నకు నాన్న, నీటికాసులు, అంటే గ్లాకోమా, వచ్చి రెండు కళ్ళూ పోయి, చివరి పదేళ్ళూ గోడ పట్టుకుని నడిచారు. అది తండ్రి నుంచి కొడుక్కి రావచ్చని, పోయిన చూపు ఇక తిరిగి రాదని కూడా నేను టైపు చేసినదాన్నే. ఎవరితోనూ అనలేదు. అనకపోతే అది నిజం కాకుండా ఉంటుందేమో అన్నట్టు రోజులు గడిపాను. పద్మినిలో కూర్చుంటే మాత్రం నా చెయ్యి తలుపు పిడిని వదిలేది కాదు.

అలాంటి రోజుల్లోనే నాన్నా, యాదగిరి గారూ పందెం వేసుకున్నారు. ఒక ఆదివారం పొద్దున రెండు బళ్ళూ ఒకేసారి నల్లగండ్లలో బయల్దేరి, గోపన్‌పల్లి మీదుగా గచ్చిబౌలి, కొత్తగూడ దాటి మాదాపూర్ చేరాలి. ఒక్కో డిక్కీలో ఒక్కో బియ్యం బస్తా. పద్మినిలో నాన్న, అమ్మ, నేను. అంబాసిడర్‌లో యాదగిరి గారూ, లక్ష్మమ్మ గారూ. నేను వద్దన్నాను, తలనొప్పి అన్నాను. అమ్మ నన్ను కోప్పడి పులిహోర డబ్బా చేతిలో పెట్టింది. అంతదూరమూ ఎండ సూటిగా మొహాన కొట్టింది. నాన్న కళ్ళు చిట్లించుకుని స్టీరింగు మీదికి వంగి నడిపారు. గుంత, గేదె, సైకిలు, ఎడమకు మలుపు అని నేను చెబుతూనే ఉన్నాను. వెనక సీట్లో అమ్మ, ఎందుకే అంత వాగుతావు, ఆయన్ని నడపనీ అంది. ముందు మేమే చేరాం. నాన్న చిన్నపిల్లాడిలా దిగి బానెట్ తట్టారు. నా జాకెట్టు వీపున తడిసి అతుక్కుపోయి ఉంది.

కాసేపటికి యాదగిరి గారు వచ్చారు. ఓటమి ఒప్పుకున్నారు గాని, ఒక్కపారి నా బండి మీరు తోలి చూడుండ్రి సార్, గప్పుడు చెప్పుండ్రి అన్నారు. నాన్న తప్పించుకోవాలని చూశారు. టిఫిను చల్లారిపోతుందన్నారు, తనకు డీజిలు బండి అలవాటు లేదన్నారు. లక్ష్మమ్మ గారు నవ్వారు, అమ్మ కూడా వెళ్ళి రమ్మంది. ఇక కాదనలేక ఎక్కారు. పక్కన యాదగిరి గారు, వెనక నేను. అక్కడ కొత్తగా రోడ్డు వేస్తున్న ఖాళీ నేల ఉండేది. దాన్ని ఒక చుట్టు తిరిగి రావాలి. పద్మిని కొలతలు నాన్న చేతులకు కంఠస్థం. అంబాసిడర్ ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయనకు తెలియదు. మలుపు దగ్గర బూడిద రంగు కంకర కుప్ప ఉంది. దాని నీడన అదే దుమ్ము కప్పుకున్న చీరలతో ముగ్గురు ఆడకూలీలు కూర్చుని సద్ది విప్పుకుంటున్నారు. బండి నేరుగా వాళ్ళ మీదికి పోతోంది. నేను ముందు సీటును రెండు చేతులా పట్టుకున్నాను. యాదగిరి గారు ఒక చేత్తో స్టీరింగు పట్టి తనవైపు తిప్పి, "బ్రేకు కొట్టుండ్రి సార్" అన్నారు. అరవలేదు. బండి కుప్పను రాసుకుంటూ పక్కకు ఒరిగి ఆగింది. రెండు రాళ్ళు దొర్లి ఒకామె సద్దిగిన్నె పక్కన పడ్డాయి. ఆమె తలెత్తి మమ్మల్ని చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తు.

నాన్న స్టీరింగు మీంచి చేతులు తీయలేదు. ముందుకే చూస్తూ, "మీ బండికి బ్రేకు మెత్తగా ఉందండీ" అన్నారు.

యాదగిరి గారు ఆయన మొహంలోకి ఒక క్షణం చూశారు. "ఔను సార్. జర మెత్తగనే ఉంటది. నేనే చెప్పకపోతి" అన్నారు.

ఆయనే దిగి ఆ ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, తప్పు నాదే అక్కా అని చెప్పి వచ్చి, తిరుగుదారిలో తానే నడిపారు. అందరినీ అంబాసిడర్‌లో నల్లగండ్లలో దింపి, మళ్ళీ బస్సులో వెళ్ళి పద్మినిని కూడా ఆయనే తెచ్చారు, నాకు గీ బండి మీద మోజు పుట్టింది సార్ అంటూ. ఆ సాయంత్రమే నేను బోరింగు దగ్గర నీళ్ళు పడుతుంటే దగ్గరికి వచ్చారు. "బిడ్డా, మొన్ననే బ్రేకులు కొత్తయి ఏయించిన. బండిల ఏం లోపం లేదు. సార్‌కు కండ్లు కనవడుతలేవు. నీకు ఎరుకేనా?" అన్నారు. ఎరుకే అన్నాను. తాతయ్య సంగతి చెప్పేసరికి ఏడుపొచ్చింది. ఆయన బకెట్టు కింద పెట్టారు. తర్వాత, నేను చెప్తే సార్‌కు చిన్నతనమైతది, నువ్వు చెప్పాలె అన్నారు.

ఎలా చెప్పాలో ఆ రాత్రంతా అనుకున్న మాటలు ఒక్కటీ పనికి రాలేదు. పొద్దున నాన్న ఎప్పటిలా పద్మిని తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. నేను గేటు దగ్గరే ఆగిపోయి, బస్సులో వెళ్తాను నాన్నా అన్నాను. ఎందుకమ్మా, టైముంది కదా అన్నారు. నేను గేటు పట్టుకునే నిలబడ్డాను. ఆయన తుడిచే గుడ్డను మడతపెట్టారు, విప్పి మళ్ళీ మడతపెట్టారు. నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోయింది. తలుపు మెల్లిగా మూసి, వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"మా నాన్నగారికి మొదట్లో ఇలాగే ఉండేదిట. డాక్టరు దగ్గరికి వెళితే ఆ మాట అంటాడు. అనకముందు నాలుగు రోజులు ఎక్కువ నడుపుకుందామనుకున్నానమ్మా."

నేను ఆయన పక్కన కూర్చుని, నిన్న ఆ ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు నాన్నా అన్నాను. ఆయనకు వాళ్ళు కనపడనే లేదట. రాళ్ళ కుప్ప అనుకున్నారట, అది కూడా చివరి క్షణంలో. మొహం రెండు చేతుల్లో పెట్టుకున్నారు. అమ్మ కాఫీ గ్లాసులతో బయటికి వచ్చి మా ఇద్దరినీ చూసి అక్కడే ఆగిపోయింది. ఆఫీసులో ఫైళ్ళు ఏడాదిగా పక్క సీటాయన చదివి వినిపిస్తున్నాడని, నోటు మీది అంకెను బట్టి కాదు, దాని కొలతను బట్టి చిల్లర లెక్క చూసుకుంటున్నానని అప్పుడు ఒక్కొక్కటిగా చెప్పారు. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన మనిషికి కూడా తెలియనివ్వలేదని అమ్మ ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు.

రెండు రోజుల తర్వాత కంటి ఆసుపత్రికి యాదగిరి గారే అంబాసిడర్‌లో తీసుకెళ్ళారు. నాన్న వెనక సీట్లో మధ్యన, ఒక పక్క అమ్మ, ఒక పక్క నేను. దారిలో గుంతలు రాకుండా యాదగిరి గారు ఎంత జాగ్రత్తగా నడిపారంటే, ఆ పాత బండి పల్లకీలా కదిలింది. నాన్న ఒక్క విమర్శా చేయలేదు. అదే మాకు భయం పుట్టించింది. ఆసుపత్రిలో కళ్ళలో చుక్కలు వేశారు, చీకటి గదిలో కూర్చోబెట్టారు, ఏవేవో యంత్రాల ముందు గడ్డం ఆనించమన్నారు. కన్ను లోపలి ఒత్తిడి చూసే పరీక్ష ఎంతకీ తెమలనట్టు అనిపించింది. నాకు ఆ కాగితాల మీద రాసే ప్రతి మాటకూ అర్థం తెలుసు. తెలియనివాళ్ళ అదృష్టం నాకు లేదు.

చివరికి డాక్టరమ్మ పిలిచింది. చిన్న వయసే, మెల్లిగా మాట్లాడుతోంది. నాన్న కూర్చోకుండానే, నీటికాసులే కదండీ, మా నాన్నగారికీ అదే అన్నారు. ఆమె కాగితం చూసి తల అడ్డంగా ఊపింది. "కాదండి. ఒత్తిడి మామూలుగా ఉంది, నరం శుభ్రంగా ఉంది. మీవి శుక్లాలు. రెండు కళ్ళలోనూ బాగా ముదిరాయి, అంతే."

నాన్నకు అర్థం కాలేదు. మళ్ళీ చెప్పమన్నారు. ఆమె మళ్ళీ చెప్పింది. "అంటే తీసేయొచ్చా?" అన్నారు. తీసేసి కొత్త లెన్సు పెడతామండి, ఇంత ముదిరేదాకా ఎందుకు ఆగారు అని ఆమె అడుగుతుంటే అమ్మ గబగబా బయటికి వెళ్ళి, వరండాలో మెట్టు మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. యాదగిరి గారు కంగారుగా పరిగెత్తుకొచ్చారు. నేను విషయం చెప్పగానే ఆయన పక్కనున్న గోడకు వీపు ఆనించి, తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నారు. "మోతిబిందా? మా అమ్మకు గూడ తీసిన్రు. పెద్దమనిషి గింతదానికి ఏడాది పొద్దు పరేషాన్ పడుకుంట ఉన్నడా" అన్నారు. నాన్న బయటికి వచ్చేసరికి మేము నవ్వుతున్నామో ఏడుస్తున్నామో మాకే తెలియదు. ఆయన మాత్రం అమ్మ పక్కన మెట్టు మీద కూర్చుని, ఆకలేస్తోంది, ఎక్కడైనా ఇడ్లీ దొరుకుతుందా అన్నారు.

మొదటి కంటికి ఆపరేషనైన మర్నాడు కట్టు విప్పి, నల్లద్దాలు పెట్టి పంపించారు. నాన్న ఆసుపత్రి గేటు దగ్గర అద్దాలు కొంచెం పైకెత్తి అంబాసిడర్‌ని చూసి, ఇదేమిటండీ తెల్లరంగు వేయించారు అన్నారు. ఎప్పటి నుంచో తెల్లదే సార్ అన్నారు యాదగిరి గారు. ఇంటికెళ్ళాక నాన్న అమ్మ మొహం చూసి, నీకింత జుట్టు ఎప్పుడు నెరిసింది అని అడిగి మళ్ళీ ఒక రోజు మౌనవ్రతం సంపాదించుకున్నారు.

రెండో కన్ను కూడా అయ్యేదాకా ఆయన నడపకూడదన్నారు. పద్మిని మూలన పడి ఉండటం యాదగిరి గారికి నచ్చలేదు. నువ్వు నేర్చుకో బిడ్డా అన్నారు. పొద్దున అంబాసిడర్, సాయంత్రం పద్మిని, విశ్వవిద్యాలయం వెనక గోపన్‌పల్లి దారిలో నేర్పించారు. రెండిటికీ గేరు స్టీరింగు పక్కనే, కానీ రెండు వేరే భాషలు. అంబాసిడర్ స్టీరింగు నిలబడి ఉన్నప్పుడు తిప్పితే భుజాలు ఊడొచ్చేవి, వేగం అందుకోవడానికి దానికి తీరికగా ఒక ఊరు కావాలి. అందుకున్నాక మాత్రం రాళ్ళూ గుంతలూ ఎక్కడో కింద వేరేవాళ్ళకు జరుగుతున్నట్టుండేది. పద్మినిలో దారిలోని ప్రతి గులకరాయీ అరికాలికి తెలిసేది. క్లచ్చు ఇలా వదలగానే లేడిలా ముందుకు దూకేది, రెండు గేదెల మధ్యలోంచి కూడా దూరిపోయేది. పదిమందిని సుఖంగా చేర్చడానికి అంబాసిడర్, ఒక్క మనిషి సంతోషంగా నడుపుకోవడానికి పద్మిని. ఇదే నా తీర్పు. ఆ ఇద్దరి ముందూ ఎన్నడూ బయటపెట్టలేదు.

ఇప్పుడు నా కారు వెనక్కి పోతుంటే పిల్లి అడ్డొచ్చినా కుయ్యిమంటుంది. గచ్చిబౌలిలో రోడ్డు మీద రోడ్డు, దాని మీద ఇంకో రోడ్డు. నల్లగండ్ల నుంచి మాదాపూర్‌కు అప్పుడు ఎడ్లబళ్ళ వెనక పట్టినంత సేపే ఇప్పుడు సిగ్నళ్ళ దగ్గర పడుతోంది. ఎవరికి ఎంత చూపుందో ఎవరికీ తెలియదు, అద్దాలన్నీ మూసి ఉంటాయి. మా పక్క ఫ్లాటాయన బండికి బ్రేకులు ఎలా ఉన్నాయో నాకు తెలియదు. తెలిసినా, ఆయన పరువు కోసం ఒక అబద్ధం నా మీద వేసుకుంటానో లేదో ఖాయంగా చెప్పలేను.

ఎండలు ముదరకముందే డాక్టరమ్మ నాన్నకు అనుమతి ఇచ్చింది. ఒక సోమవారం పొద్దున ఆయన కొత్త కళ్ళద్దాలు పెట్టుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. యాదగిరి గారు గేటు తీసి పట్టుకుని, పైలం సార్, సూస్కుంట తోలుండ్రి అన్నారు. గోపన్‌పల్లి దాటాం. సూర్యుడు ఎదురుగా ఉన్నాడు. నాన్న నెమ్మదిగా, వెనక్కి ఆనుకుని, ఒక చేత్తో నడుపుతున్నారు. నన్నేమీ అడగలేదు. గొర్రెల మందను దూరం నుంచే చూసి వేగం తగ్గించారు. కాపరి చేయి ఎత్తితే తానూ ఎత్తారు. అంతవరకే నాకు గుర్తు. నెలల తరబడి ఆ సీట్లో రెప్ప వేయకుండా కూర్చున్నదాన్ని, తల కిటికీకి ఆనించి నిద్రపోయాను. నాన్న భుజం తట్టి లేపేదాకా మాదాపూర్ వచ్చిందని నాకు తెలియలేదు.